ఎర్రగడ్డలో కొని ఈబేలో అమ్మితే మిగిలేదెంత?

ఆదివారం పొద్దున ఎర్రగడ్డలో రోడ్డు వారన గోనెపట్టాలు పరుచుకుంటాయి. వాటి మీద మూత లేని మిక్సీలు, స్పానర్లు, రిమోట్లు, జత కుదరని బూట్లు, ఆగిపోయిన చేతిగడియారాలు, సొట్టపడ్డ ఇత్తడి చెంబులు. సనత్‌నగర్ కార్మిక వాడల నుంచి, అమీర్‌పేట హాస్టళ్ల నుంచి జనం వస్తారు. ఎక్కువమంది ఇంట్లో వాడుకోవడానికే కొంటారు. కొద్దిమంది మాత్రం ఒక చేత్తో వస్తువు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి, అలాంటిదే ఆన్‌లైన్ వేలంలో ఎంత పలికిందో చూసుకున్నాకే బేరం మొదలెడతారు.

ఈ కొద్దిమంది గురించిన చర్చ ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. సంతలో వందకు కొన్నది వేలంలో వేలకు పోతుందని ఒకరంటారు. అదంతా ఒట్టిమాట, తూకానికి కొని తూకానికి అమ్మినవాడే బాగుపడ్డాడని ఇంకొకరంటారు. పాత సామాను మాటే వద్దు, గద్వాల చీరో లాక్ గాజులో విదేశానికి పంపమని మూడో వర్గం సలహా ఇస్తుంది. వీటికి తోడు పురావస్తు చట్టం, జీఎస్టీ, దొంగసొత్తు భయం, అమెరికా సుంకాలు వచ్చి చేరాయి. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో ఒకసారి వరసగా చూడటం మంచిది. చూస్తే తేలేది ఇది: హైదరాబాద్‌లో సరుకు దొరకడం ఎన్నడూ కష్టం కాలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చీటీ దొరకడమే కష్టం. లాభనష్టాలు చాలావరకు ఆ చీటీ చుట్టూనే తిరుగుతున్నాయి.

సరుకు పుట్టే చోట్లు

సనత్‌నగర్ ప్రాంతం నిజాం పాలన చివరి రోజుల్లో పారిశ్రామిక వాడగా ఎదిగింది. 1942లో మొదలైన ఆల్విన్ ఇక్కడే బస్సు బాడీలు కట్టింది, స్టీలు ఫర్నిచరు చేసింది, తర్వాత ఫ్రిజ్‌లు చేసింది. జపాన్ సీకో కంపెనీ సాంకేతిక సహకారంతో చేతిగడియారాలు కూడా తెచ్చింది. 1990లలో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. కంపెనీ పోయినా దాని వస్తువులు ఇళ్లలో మిగిలాయి. చార్మినార్ బ్రాండు సిమెంటు రేకులు చేసిన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్, కవాడిగూడలో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్, 1967లో పుట్టిన ఈసీఐఎల్ వారి టీవీలు, వజీర్ సుల్తాన్ టొబాకో వారి చార్మినార్ సిగరెట్ల రేకు బోర్డులు... ఒక్క నగరంలో ఇన్ని కంపెనీల గుర్తులున్న సరుకు దేశంలో చాలా చోట్ల దొరకదు.

ఇక ఈ సరుకు బయటికొచ్చే దారులు. సనత్‌నగర్, ఎస్సార్‌నగర్, అమీర్‌పేటల్లో పాత ఇళ్లు డెవలప్‌మెంట్‌కు పోతున్నాయి. ఇల్లు కూల్చే ముందు అటకలు ఖాళీ అవుతాయి. టేకు తలుపులు, కిటికీ ఊచలు కూల్చివేత కాంట్రాక్టరుకు పోతాయి, చిన్నాచితకా సామాను కబాడీకి పోతుంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు, ‘పాత పేపర్ల్’ అని కేకేసుకుంటూ తిరిగే బండివాళ్లు గల్లీ గల్లీ నుంచి ఇంకొంత తెస్తారు. కోచింగ్ సెంటర్లకొచ్చిన కుర్రాళ్లు ఊరెళ్లిపోతూ హాస్టళ్లలో లాప్‌టాప్‌లు, పుస్తకాలు, మంచాలు అమ్ముకుని పోతారు.

ఎర్రగడ్డ కాక ఇంకా రెండు పెద్ద అడ్డాలున్నాయి. పురానాపూల్ వైపు గురువారం కూడే జుమ్మెరాత్ బజార్ ఒకటి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నడిచే పాత పుస్తకాల బజారు రెండోది. మూడింటిలోనూ ఒకటే రివాజు. బిల్లుండదు, వాపసుండదు, అడిగిన ధరలో సగం నుంచి బేరం మొదలవుతుంది.

హర్రాజు నుంచి ఫోన్ తెర దాకా

వేలం హైదరాబాదుకు కొత్త కాదు. కలపైనా జప్తు సామానైనా హర్రాజు వేయడం నిజాం కాలం నుంచీ ఉంది. కొత్తగా వచ్చింది దూరం చెరిగిపోవడం. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ఆక్షన్‌వెబ్ పేరుతో మొదలుపెట్టిన సైటే తర్వాత ఈబే అయింది. అక్కడ తొలిగా అమ్ముడైనది చెడిపోయిన లేజర్ పాయింటర్, ధర 14.83 డాలర్లు. చెడిపోయిందని తెలిసే కొన్నాడు కొన్నవాడు. పాత సామాను వ్యాపారులు ఈ కథను ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం అదే: ఒకడికి తుక్కైనది ఇంకెక్కడో ఒకడికి కావాలి, ఆ ఒక్కడు కంటపడాలి, అంతే.

భారత్‌లో ఆ పని 2000లో బాజీ డాట్ కామ్ మొదలుపెట్టింది. 2004లో ఈబే దాన్ని దాదాపు 5 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది డిసెంబరులో సైటులో ఎవరో ఒక అశ్లీల వీడియో అమ్మకానికి పెట్టినందుకు కంపెనీ అధిపతి అవనీశ్ బజాజ్‌ను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. అమ్మినవాడి తప్పుకు అంగడి యజమాని బాధ్యుడా అన్న ప్రశ్న అప్పుడు లేచింది. 2008లో ఐటీ చట్టంలోని 79వ సెక్షన్‌ను మార్చడానికి ఆ కేసు ఒక ప్రేరణ. అదే వ్యవహారంలో ఇరుక్కున్న సంస్థ ఉద్యోగి పేరుతో నడిచిన శరత్‌బాబు దిగుమర్తి కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆన్‌లైన్ అంగళ్ల బాధ్యత గురించి మాట్లాడేవారు తప్పక ఎత్తే తీర్పు.

2017లో ఈబే ఇండియాను ఫ్లిప్‌కార్ట్ తీసుకుంది, 2018 ఆగస్టులో మూసేసింది. దాని స్థానంలో వాడిన వస్తువుల కోసం ‘టూగుడ్’ అనే వేదిక తెచ్చింది. ఈబే మాత్రం భారత అమ్మకందార్లు విదేశాలకు పంపే సరుకు మీద నిలబడింది. అంటే ఎర్రగడ్డలో కొన్నది కూకట్‌పల్లిలో ఉన్నవాడికి ఈబే మీద అమ్మే రోజులు పోయాయి. దేశంలోపలి పాత సామాను ఓఎల్‌ఎక్స్‌కు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌కు, వాట్సాప్ గ్రూపులకు మళ్లింది. నాణేలు, స్టాంపుల గ్రూపుల్లో మాత్రం అసలైన పాట ఇంకా నడుస్తోంది. రాత్రి ఫలానా గంటకు ముగింపు, అప్పటికి ఎవరి అంకె పెద్దదైతే వారిదే. రాతకోతలు లేవు, మాట మీదే వ్యవహారం.

కన్నున్నవాడిదే లాభం అనేవారు

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. అమ్మేవాడికి తెలియనిది కొనేవాడికి తెలిస్తే ఆ తేడాయే లాభం.

ఈ వాదానికి హైదరాబాద్‌లో దొరికే ఉదాహరణల్లో మేలైనది చార్మినార్ రూపాయి. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు, అంటే ఇక్కడివాళ్ల నోట కల్దార్ రూపాయలు, వచ్చేవి. నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన చివరి ఏళ్లలో నాణేల మీదికి చార్మినార్ బొమ్మ వచ్చింది. నాణేన్ని వెలుతురుకు పెట్టి నడిమి కమాను లోపల చూడాలి. అక్కడొక అరబ్బీ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్‌ది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ పూర్తిగా చెక్కిందా, సగమే చెక్కిందా అన్నదాన్ని బట్టి కూడా సేకర్తలు రకాలు విడదీస్తారు. ఒక్క అక్షరంలో సగం గీత! గోనెపట్టా మీద కుప్పగా పోసినవాడికి అది పట్టదు, పట్టినవాడికి అదే కూలి.

దీనికి ఒక అడుగు ధర కూడా ఉంది. ఆ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి. కిలో వెండి లక్ష రూపాయలనుకుంటే కరిగించినా తొమ్మిది వందలు దాటుతుంది. 2025లో వెండి లక్ష దాటి పరుగెత్తాక అరిగిన నాణేలను సేకర్తకు అమ్మడం కన్నా కంసాలికి అమ్మడమే నయమని తోచిన వ్యాపారులుంటే ఆశ్చర్యం లేదు. కన్ను పక్షానికి ఇది కాస్త ఇబ్బందికరమైన సంగతి.

స్టాంపుల్లోనూ ఇదే కథ. హైదరాబాద్ రాజ్యం 1869లో తొలి తపాలా బిళ్ల వేసింది. 1931 నాటి బొమ్మల వరసలో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా కనిపిస్తాయి. విడి బిళ్లలు చవక. అదే బిళ్ల అతికించి, ఊరి ముద్ర స్పష్టంగా పడి, నిజంగా ప్రయాణం చేసిన కవరుకు విలువ వేరు. పాత ఉత్తరాల కట్ట దొరికితే బిళ్లలు కత్తిరించి తీసే అలవాటు ఎంత నష్టమో అందుకే చెబుతారు. తెలుగు పత్రికలకూ అంతే. 1947 జూలైలో మొదలైన చందమామ తొలినాటి సంచికలకు గిరాకీ ఉంది, కానీ మన ఇళ్లలో అట్టలు, ప్రకటనలు చించేసి కథలు మాత్రం కుట్టించుకున్న బైండ్లే ఎక్కువ. చదువుకోవడానికి అవి బంగారం, వేలంలో వాటి అంకె పడిపోతుంది.

బీదరీ సామాను ఇంకా చిక్కు. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కాబట్టి ఇక్కడి పాత ఇళ్లలో హుక్కా అడుగులు, పాన్‌దాన్‌లు ఉండేవి. అసలు బీదరీ జస్తా ఎక్కువ, రాగి తక్కువగా పోసిన పోత. అయస్కాంతం అంటదు. బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే పోత నల్లబడుతుంది, పొదిగిన వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. నకిలీలో నలుపు రంగు పూతే. అడుగు అంచున గోటితో గీస్తే లేచి వస్తుంది. పొదుగు ఉన్నచోట వేలు నడిపితే వెండి గీత తగలాలి, అచ్చు ముద్రలో అది తగలదు.

ఈ పక్షం ఒప్పుకోని బలహీనత ఒకటుంది. తెలివి ఒకరి సొత్తుగా ఎన్నాళ్లు ఉంటుంది? ఫోటో తీస్తే వస్తువు పేరు చెప్పే ఫోన్ కొనేవాడి దగ్గరే కాదు, పట్టా పరిచినవాడి దగ్గరా ఉంది. హెచ్‌ఎంటీ గడియారాల విషయంలో జరిగింది అదే. కంపెనీ మూతపడుతుందన్న వార్తతో పాత కీ గడియారాలకు రేటు పెరిగింది. వెంటనే కొత్త డయళ్లు అచ్చువేసి పాత యంత్రాలకు బిగించి అమ్మడం పెరిగింది. ప్రపంచ సేకర్తలు ఇలాంటివాటిని ‘ముంబై స్పెషల్’ అని పిలుస్తూ, భారత్ నుంచి వచ్చిన ప్రతి గడియారాన్నీ అనుమానంగా చూస్తారు. మోసం చేసినవాడు లాభం తీసుకుని వెళ్లిపోయాడు, ఆ అనుమానం బరువు నిజాయితీగా అమ్మేవాడి మీద పడింది.

తూకం పక్షం

రెండో పక్షం వాళ్లు మెరిసేదాన్ని వెతకరు, టన్నులు లెక్కపెడతారు. వీళ్ల ఆన్‌లైన్ వేలం ఈబే కాదు. 1964లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలాలు, రైల్వే తన సొంత పోర్టల్లో వేసే స్క్రాప్ వేలాలు. దక్షిణ మధ్య రైల్వే పట్టాలు, చక్రాలు, పాత పెట్టెలు లాట్ల చొప్పున ఇలాగే పోతాయి. ప్రభుత్వ శాఖల వాడిన వాహనాలు, ఆర్టీసీ తీసేసిన బస్సులూ అంతే.

నియమం కఠినం. ముందే ధరావతు కట్టాలి. సరుకు ఉన్నచోట ఉన్నట్టుగా తీసుకోవాలి, తర్వాత ఫిర్యాదు చెల్లదు. గడువులోగా ఎత్తుకుపోకపోతే జరిమానా. లారీ, క్రేను, కూలీలు, యార్డు అన్నీ ఉన్నవాడికే ఇది. బాలానగర్, సనత్‌నగర్‌లలో గోదాములున్న స్క్రాప్ వ్యాపారులకు ఇది రోజువారీ పని. కొత్తవాడు తెర మీద అంకె చూసి పాట పాడితే రవాణా ఖర్చే మింగేస్తుంది.

అయినా ఈ పక్షం వాదనలో మొదటి పక్షానికి లేని బలం ఉంది. ఇక్కడ ప్రతి లాటుకూ కాగితం వస్తుంది. ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు, పన్ను ఎంత అన్నది రాసి ఉంటుంది. కిలోకు మిగిలేది కొద్దే అయినా ఆ కొద్ది చట్టం కింద నిలబడుతుంది.

పాతదెందుకు, కొత్తది పంపండి అనేవారు

మూడో పక్షం స్థానిక సరుకు అన్న మాటకే అర్థం మార్చింది. సంతలో ఒక్కటే దొరికే వస్తువుకు ఫోటో తీయాలి, వివరం రాయాలి, కొలతలు ఇవ్వాలి. అమ్మాక మళ్లీ మొదటి నుంచి. పోచంపల్లి ఇక్కత్, నిర్మల్ బొమ్మలు, చేర్యాల నకాషీ, 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన హైదరాబాద్ లాక్ గాజులు అలా కాదు. ఒకసారి వివరం రాస్తే వందసార్లు అమ్ముకోవచ్చు, నేతగాడి దగ్గర బిల్లు దొరుకుతుంది, విదేశీ కస్టమ్స్‌కు చెప్పాల్సినదేదో స్పష్టంగా ఉంటుంది. ప్రభుత్వం కూడా ఈ దారినే తోస్తోంది. చిన్న ఎగుమతిదార్ల కోసం తపాలాశాఖ 2022 నుంచి డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. 2023 విదేశీ వాణిజ్య విధానం కొరియర్ ద్వారా పంపే ఒక్కో పార్సిల్ విలువ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది.

చిక్కల్లా పోటీ. ఒకడి దగ్గర ఉన్న గాజులు పక్కవాడి దగ్గరా ఉంటాయి. ధర తెలిసిన వస్తువుకు పాట ఎవరు పాడతారు? అందుకే ఈ పక్షం చివరికి వేలాన్నే వదిలేసి ఖరారు ధరకు మళ్లింది.

వేలమా, ఖరారు ధరా?

ఇక్కడ చర్చ ఆర్థికశాస్త్రవేత్తల చేతికి వెళుతుంది. రెండో పెద్ద పాట ధరకే గెలిచినవాడికి ఇచ్చే వేలంలో నిజమైన విలువ చెప్పడమే ఎవరికైనా లాభమని విలియం విక్రీ 1961లో చూపాడు. ఈబే పద్ధతి దానికి దగ్గరగా ఉంటుంది. కానీ ముగింపు గడియారం ముందే తెలిసిపోవడంతో పాటలన్నీ ఆఖరి నిమిషంలోకి జారతాయని ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేను, అప్పటి అమెజాన్ వేలాలను పోల్చి చెప్పారు. చివరి పాటతో గడువు పొడిగే అమెజాన్‌లో ఆ హడావిడి తక్కువ. అమ్మేవాడికి దీని అర్థం తేలికే. వారం రోజులు అంకె కదలకపోతే కంగారుపడి వెనక్కి తీసుకోకూడదు.

విలువ తెలియనప్పుడు గెలిచినవాడే ఎక్కువ ఇచ్చుకుంటాడన్నది ఇంకో పాత హెచ్చరిక. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. అది భక్తి, ఊళ్లో పరువు కలిసిన పాట. తిరిగి అమ్ముకునేవాడు ఆ ధోరణిలో పాడితే దివాలానే.

ఈబే లెక్కలనే పట్టి లిరాన్ ఐనావ్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన, 2000ల మొదట్లో ఆ సైటు మీద రాజ్యమేలిన వేలం తర్వాత ఖరారు ధరకు ఎలా చోటిచ్చిందో చూపింది. జనానికి ఎదురుచూసే ఓపిక తగ్గింది, ధరలు పోల్చుకోవడం తేలికైంది. మిగిలిన వేలాలు వాడిన వస్తువులకు, ధర ఎవరికీ సరిగ్గా తెలియని వాటికి పరిమితమవుతున్నాయి. ఎర్రగడ్డ సరుకులో కొద్ది భాగానికే ఈ వర్ణన సరిపోతుంది. అరబ్బీ అక్షరం సగం చెక్కిన రూపాయికి సరిపోతుంది, ఆల్విన్ ఫ్రిజ్‌కు సరిపోదు. సేకర్తకు ఎంత ముద్దొచ్చినా ఫ్రిజ్‌ను ఓడలో పంపేవాడు లేడు.

ఈ చర్చలో అందరూ ఒప్పుకునే అంకె ఒకటే. పాల్ రెస్నిక్, మరి ముగ్గురు పాత పోస్ట్‌కార్డులతో ఈబేలో ప్రయోగం చేసి 2006లో ఫలితం చెప్పారు. అవే రకం కార్డులను మంచిపేరున్న ఖాతా నుంచి, కొత్త ఖాతా నుంచి అమ్మితే మంచిపేరుకు 8.1 శాతం ఎక్కువ పలికింది. కొనేవాడికి వస్తువు బాగోగులు తెలియనిచోట మంచి సరుకే బజారు వదిలిపోతుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో రాసినదానికి ఇది అటువైపు ముఖం.

మూడు లెక్కలు పక్కపక్కన పెడితే

ఊహాలెక్క ఒకటి వేద్దాం. సంతలో 600కు కొన్న గడియారం, 300 రిపేరు, విదేశీ కొనుగోలుదారు 2,500కు సమానమైన డాలర్లు ఇచ్చాడనుకుందాం. వేదిక రుసుము పదో వంతుకు మించే ఉంటుంది కాబట్టి 330 తీసేద్దాం. తపాలా, ప్యాకింగ్ 900. మిగిలింది 370. ఇందులో ఆదివారం కూలి లేదు, ఫోటోలు తీసిన గంట లేదు, వస్తువు వాపసొస్తే పడే దెబ్బ లేదు. నాలుగు గడియారాల్లో ఒకటి తిరిగొస్తే మిగతా మూడింటి లాభం దాదాపు పోతుంది.

కన్ను పక్షానికి లాభశాతం ఎక్కువ, సరుకు తక్కువ, నమ్మకం సొంతంగా కట్టుకోవాలి. తూకం పక్షానికి శాతం తక్కువ, పెట్టుబడి ఎక్కువ, కాగితం ముందే ఉంటుంది. కొత్త సరుకు పక్షానికి కాగితం ఉంటుంది, సరఫరా ఉంటుంది, వేలం వేసే అవకాశమే ఉండదు. చిత్రమేమంటే వేలానికి అన్నివిధాలా సరిపోయే వస్తువులే చీటీ లేకుండా బజారుకొస్తాయి.

చట్టం అడ్డుగీతలు

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చింది. నూరేళ్లు నిండిన నాణెం, శిల్పం, చిత్రం వగైరా పురావస్తువులు. విలువైన రాతప్రతులకు 75 ఏళ్లే చాలు. వీటిని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, లేదా అది అనుమతించిన సంస్థకే ఉంది. వీటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఇప్పుడు చార్మినార్ రూపాయి సంగతి మళ్లీ చూస్తే చిక్కు అర్థమవుతుంది. ఉస్మాన్ అలీఖాన్ తొలి వరస రూపాయిల మీద కనిపించే హిజ్రీ సంవత్సరాల్లో చివరిది 1343, అంటే 1924-25. ఆ ఏటి నాణేలకూ నూరేళ్లు నిండిపోయాయి. పదేళ్ల క్రితం నిశ్చింతగా విదేశానికి పోస్టు చేసిన నాణేన్నే ఈరోజు పోస్టు చేస్తే నేరం. కవరు మీద ‘పాత టోకెన్’ అని రాసి పంపే కిటుకు కొందరు నేర్పుతుంటారు. అది తెలివి కాదు, సాక్ష్యం.

ఏనుగు దంతం పిడి ఉన్న చాకైనా, దంతపు దువ్వెనైనా ఎంత పాతదైనా వన్యప్రాణి చట్టం కింద అమ్మకూడదు. పాత ఇళ్ల అటకల మీద ఇవి ఇంకా దొరుకుతుంటాయి. రద్దయిన 500, 1000 నోట్లు పదికి మించి దగ్గరుంచుకోవడం 2017 చట్టం ప్రకారం శిక్షార్హం, అధ్యయనానికీ సేకరణకూ అయితే 25 దాకా పరిమితి. ‘786’ నంబరు నోటుకు, వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలిస్తామనే ప్రకటనల సంగతి సరే సరి. తన పేరు వాడి పాత నాణేల కొనుగోలుకు రుసుములు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీచేసింది.

దొంగసొత్తు ప్రశ్న మరీ దగ్గరిది. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణముండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. ఫోన్ల వరకు మేలు. 2023 మే నుంచి దేశమంతటా పనిచేస్తున్న ప్రభుత్వ ఫోన్ల రిజిస్టరు సీఈఐఆర్ వల్ల ఐఎంఈఐ నంబరు కొట్టి చూసుకోవచ్చు. గడియారానికి, పాన్‌దాన్‌కు అలాంటి నంబరు లేదు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి రవ్వలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు పోయింది. దొంగలు ముంబై దాకా తీసుకెళ్లినా కొనేవాడు దొరకలేదని పోలీసులు చెప్పారు. కొద్దిరోజుల్లోనే సొత్తు దొరికింది. మరుసటి ఏడు జూన్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో నిజాముల ఖడ్గం ఒకటి దాదాపు 19 లక్షల డాలర్లకు పోయింది. రెండూ నిజాం సొత్తే. ఖడ్గం ఎవరి చేతులు మారి వచ్చిందో చెప్పే చరిత్ర దాని వెంట ఉంది.

తేలనివి

పన్ను సంగతి సగమే తేలింది. వాడిన వస్తువుల వ్యాపారికి కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే జీఎస్టీ కట్టే వెసులుబాటు ఉంది. ఆ తేడా చూపించాలంటే కొన్న ధరకు రుజువు కావాలి, సంతలో అది ఎవరిస్తారు? ఆన్‌లైన్ వేదికల మీద రాష్ట్రంలోపలే అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు నుంచి నమోదు తప్పనిసరి కాదన్నారు గానీ, రాష్ట్రం దాటి అమ్మితే మళ్లీ మొదటికే. తన ఇంటి అటక ఖాళీ చేసుకునేవాడు ఏ రోజున వ్యాపారిగా మారతాడన్నదానికి సామాన్యుడికి అర్థమయ్యే గీత లేదు.

ఊరి వస్తువులు ఊరు దాటిపోవడం మంచిదా అన్న వాదం ఇంకా పచ్చిగానే ఉంది. సేకర్త చేతికి చేరితే బతుకుతాయి, లేకపోతే కొలిమికి పోతాయి అంటారు వ్యాపారులు. వెండి రేటు చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం. కానీ కట్టగా ఉన్న కుటుంబ ఉత్తరాలను కవరు కవరుగా విడగొట్టి పది దేశాలకు అమ్మితే బిళ్లలు మిగులుతాయి, ఆ ఇంటి కథ మిగలదు. ప్రభుత్వ పురాలేఖల సంస్థలు సంతల మీద కన్నేసి కొనే పద్ధతి లేనంతకాలం ఈ వాదంలో వ్యాపారులకు ఎదురు పలికే మాట నోటిమాటగానే ఉంటుంది. గోనెపట్టా వేసినవాడికి, గల్లీలు తిరిగి సామాను తెచ్చినామెకు వేలం ధరలో ఎంత చేరుతుందన్నది ఎవరూ లెక్కకట్టలేదు.

ఆఖరిది అమెరికా. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలాశాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం ఇక్కడే ముందుగా కట్టాలి. ముప్పై డాలర్ల గడియారం అమ్మేవాడికి ఆ సుంకాన్ని ధరలో కలపాలా, విడిగా చూపించాలా అన్నదే ప్రస్తుతం పెద్ద ప్రశ్న. కలిపితే ప్రారంభ పాట పెరిగి పాడేవాళ్లు తగ్గుతారు, విడిగా చూపిస్తే ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గుతారు.